కన్ను అలవాటు పడేలోపు

నేను రిటైరయ్యాక మా ఇంటికి వచ్చే కుర్ర ఇంజినీర్లు చాలామంది ఒకే మాట అడుగుతారు. "డిజైన్ మేనేజర్‌గా వేస్తున్నారు మేడమ్, ముందుగా ఏం నేర్చుకోమంటారు?" సాఫ్ట్‌వేర్ల సంగతి నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. కాంట్రాక్టు నియమాలు పుస్తకంలో ఉంటాయి. అందుకని వాళ్లకు కాఫీ ఇచ్చి ఓబులేసు సార్ గురించి చెబుతాను. కొందరు శ్రద్ధగా వింటారు, కొందరు గడియారం చూసుకుంటారు. చూసుకునేవాళ్ల కోసం కూడా ఇది రాస్తున్నాను.

అసలు పని ఏమిటంటే

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. నేను సివిల్ ఇంజినీరింగ్ చదివి, రోడ్లకు డిజైన్లు చేసే ఒక కంపెనీలో చేరి, జుట్టు నెరిసేదాకా ఆ పనే చేశాను. అన్నిటిలోకీ మనసుకు దగ్గరైన పని చివరి రోజుల్లో వచ్చింది. ముదిగుబ్బ వైపు పోయే రెండు వరసల రోడ్డును నాలుగు వరసలు చేయాలి. ఆ దారిలో కొండను తొలిచి ఎప్పుడో కట్టిన సొరంగం ఒకటి ఉంది. దాన్ని బాగుచేసి పోయే బండ్లకు ఉంచాలి. వచ్చే బండ్లకు కొండ పక్కనుంచి కొత్త దారి వేయాలి.

డిజైన్ మేనేజర్ గీతలు గీయదు. రోడ్డు వాళ్లు, వంతెనల వాళ్లు, కాలువల వాళ్లు, కరెంటు వాళ్లు, రాయిని పరీక్షించేవాళ్లు ఎవరి బల్ల దగ్గర వాళ్లు గీస్తారు. ఎవరి డ్రాయింగ్ వాళ్లకు ముద్దు. అన్నీ తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, కాలువ గుంత ఎక్కడుందో కరెంటు గొట్టం కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇద్దరినీ పిలిచి, టీ తెప్పించి, ఎవరో ఒకరిని అర మీటరు పక్కకు జరిపించడమే నా ఉద్యోగం. చెబితే చిన్న పనిలాగే ఉంటుంది. జరగమన్నప్పుడు ఆ మనిషి ముఖం చూస్తే తెలుస్తుంది.

ఊళ్లవాళ్లతో మాట్లాడటం కూడా ఈ పనిలో భాగమే. ముదిగుబ్బ దగ్గర గొర్రెల కాపరులతో ఒక సమావేశం పెట్టాం. మందలు దాటే చోట రోడ్డు అడుగు నుంచి కింది దారి కడితే ఖర్చవుతుందని, హెచ్చరిక బోర్డు సరిపోతుందని మా రోడ్డు ఇంజినీరు వివరించాడు. వెనక వరసలో ఉన్న ఒకాయన లేచాడు.

"బోర్డు బాగానే ఉంటాదప్పా. మా గొర్రెలకు చదువు రాదు, అంతే."

గది అంతా నవ్వింది. మా ఇంజినీరు కూడా నవ్వాడు. ఆ సాయంత్రమే కింది దారి గీయడం మొదలుపెట్టాడు. పని బాగా జరిగే రోజు ఇలాగే ఉంటుంది.

చదివి వినిపించు

ఓబులేసు సార్ మా డిజైన్ విభాగానికి పెద్ద. శింగనమల మనిషి. ఆయన సంతకం లేకుండా ఒక్క డ్రాయింగ్ కూడా సైటుకు పోయేది కాదు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. కోపం వస్తే గొంతు పెంచకుండా తగ్గించేవారు. ఆయన నెమ్మదిగా మాట్లాడుతున్నారంటే మాకు చెమటలు పట్టేవి.

ఆ ప్రాజెక్టు మొదలైన కొన్నాళ్లకు ఆయన కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. డ్రాయింగ్ తీసుకెళ్తే చూసేవారు కాదు. కుర్చీలో వెనక్కి వాలి, "చదివి వినిపించమ్మా" అనేవారు.

"డ్రాయింగ్‌ను చదవడమేంది సార్?"

"ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాండావనుకో. కాలికింద ఏముండాది, పక్కన ఏముండాది, తలమీద ఏముండాది, చెప్పుకుంటా రా."

మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది. తర్వాత దానిలోని గుణం తెలిసింది. నోటితో చెప్పేటప్పుడు అబద్ధం ఆగిపోతుంది. సొరంగం ఎడమ గోడ వెంట నడుస్తూ "ఇక్కడ నీళ్ల గొట్టం, దాని పైన కేబుల్, దాని పైన..." అంటూ ఉన్నట్టుండి ఆగిపోయేదాన్ని. అగ్నిమాపక గొట్టానికి చోటే లేదనే, కంటికి దొరకని సంగతి నోటికి దొరికేది. ఆయన కళ్లు మూసుకునే, "ఊఁ, తెలిసిందా?" అనేవారు.

అది ఆయన గొప్పతనం అనుకున్నాను. గొప్పతనమే. దానికి ఇంకో కారణం కూడా ఉందని తర్వాత తెలిసింది.

సొరంగం నోట్లో

మంచి ఎండాకాలంలో ఒకరోజు సైటుకు వెళ్లాం. సార్, నేను, లైట్ల ఇంజినీరు బాషా. బాషాది కదిరి. మాట తక్కువ, లెక్క ఎక్కువ. జీపు ఎప్పటిలాగే సారే నడిపారు. డ్రైవర్‌ను పెట్టుకోవడం ఆయనకు నచ్చేది కాదు. ఆ రోజు ఆయన మామూలుకన్నా బాగా నెమ్మదిగా నడపడం, ఎదురుగా బండి వచ్చినప్పుడల్లా బాగా పక్కకు తీయడం గమనించాను. వయసు కదా అనుకున్నాను.

మా ప్రాంతపు మధ్యాహ్నపు ఎండ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండు వైపులా వేరుశనగ పీకేసిన ఎర్రని చేలు, తెల్లబడిన బండలు, వాటి మీద నుంచి ముఖం మీదికి కొట్టే వెలుగు. ఆ వెలుగులో సొరంగం నోరు గోడకు వేసిన నల్ల మచ్చలా ఉంటుంది. లోపల ఏముందో తెలియదు. మధ్యలో వంపు ఉండటంతో అవతలి చివర వెలుగు కూడా కనిపించదు. నోటి చుట్టూ ఉన్న ముఖద్వారం గోడకు ఏటేటా సున్నం కొట్టేవాళ్లు. తెల్లగా మెరిసిపోయేది.

జీపు దూరంగా ఆపి లోపలికి నడిచాం. బాషా వెలుగు కొలిచే పరికరం పట్టుకుని ముందు పోతున్నాడు. గోడ పగుళ్ల గురించి సార్‌కు చెబుతూ నేను పక్కనే నడుస్తున్నాను. నీడలో పది అడుగులు వేశామో లేదో, సార్ ఆగిపోయారు. చెయ్యి గాల్లోకి చాచి నా భుజం పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి ఒక మోటార్ సైకిల్ వచ్చింది. దానికి లైటు లేదు. నాకు కనిపించింది, పక్కకు జరిగాను. సార్ మాత్రం దాని వైపే ఒక అడుగు వేశారు. ఆయన చొక్కా పట్టుకుని లాగాను. బండి మా మోచేతులను రాసుకుంటూ పోయి, ఎండలోకి వెళ్లి ఆగింది.

బండి మనిషి వెనక్కి తిరిగి అరిచాడు. "ఏమప్పా, కండ్లు కనపడవా?"

సార్ కోప్పడలేదు. గొంతు తగ్గించి, "కనపడవప్పా" అన్నారు.

ఆయన ఎకసెక్కం ఆడుతున్నాడనుకుని ఆ మనిషి ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను మాత్రం పట్టుకున్న చొక్కా వదల్లేదు. ఆ మాట అన్న తీరులో ఎకసెక్కం లేదు.

తిరిగి జీపు దగ్గరికి వచ్చాక తాళాలు నా చేతిలో పెట్టారు. బాషా ఇంకా లోపలే కొలతలు తీసుకుంటున్నాడు.

"కంటి వెనక పొర దెబ్బతింటాండాదమ్మా. బెంగళూరులో చూపించినా. వెలుగులో ఉన్నంతసేపూ పెద్దవి కనపడతాయి. చిన్న గీతలు కనపడవు. వెలుగులో నుంచి చీకట్లోకి పోతే చానాసేపు ఏమీ కనపడదు. రేపు బాగవుతాదని ఎవురూ చెప్పల్యా."

"మరి జీపు ఎట్ల నడిపినారు సార్?"

"అదే తప్పు. ఈ దినంతో అయిపాయ. ఇంగ నడపను."

"డ్రాయింగులు?"

"నువ్వు చదివితే వింటాండా కదా. నువ్వూ, ఇంగొకరూ విడిగా చూసి సరే అన్యాక సంతకం. మీరు చూడకుండా ఒక్కటి కూడా పెట్టల్యా. ఈ సొరంగం అయ్యేదాకా నన్ను ఉండనీ. ఆఫీసుకు నేనే చెప్తా."

ఆయన వైపు చూడలేకపోయాను. ఇన్నాళ్లూ నన్ను డ్రాయింగుల్లో నడిపించి, చదివించింది అందుకే అన్నమాట. సీటు ముందుకు జరుపుకుని, "బాషాను పిలుస్తా సార్" అన్నాను. తిరుగు ప్రయాణంలో నేనే నడిపాను. సార్ దారి పొడుగునా నా గేర్ల గురించి గొణుగుతూనే ఉన్నారు. ఆ గొణుగుడు విని నాకు కాస్త ధైర్యం వచ్చింది.

బాషా లెక్క

సొరంగంలో లైట్లు అంటే రాత్రి కోసం అనుకుంటారు చాలామంది. రాత్రి బయటా చీకటే, లోపలా చీకటే. కొద్దిపాటి వెలుగు చాలు. కష్టమంతా పట్టపగలే. మండే ఎండలో నుంచి వేగంగా వచ్చినవాడి కన్ను లోపలి చీకటికి అలవాటు పడటానికి కాస్త సమయం పడుతుంది. ఆలోపు బండి చాలా దూరం పోతుంది. అందుకే మొదటి భాగంలో బలమైన లైట్లు పెట్టి, లోపలికి పోయేకొద్దీ కొంచెం కొంచెంగా తగ్గించాలి. రోడ్డు వెడల్పయితే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే బలమైన లైట్లు ఇంకా ఎక్కువ దూరం కావాలి.

బాషా ఇదంతా లెక్క కట్టి తెచ్చాడు. ఆ డ్రాయింగ్ కూడా సార్‌కు నేనే చదివి వినిపించాను. బయట రోడ్డు నుంచి లోపలికి నడుచుకుంటూ ఎక్కడ ఎంత వెలుగో చెప్పాను. సార్ మధ్యలో ఆపారు.

"బాషా, ఈ లెక్క ఎవురి కంటికి కట్టినావు?"

"ప్రమాణం ప్రకారం సార్. మామూలు కంటికి."

"ముప్పై ఏండ్ల కంటికా, అరవై ఏండ్ల కంటికా?"

బాషా తన లెక్కల కాగితం తిరగేశాడు. "వయసు పెరిగే కొద్దీ సమయం ఎక్కువ పడ్తాది సార్. మేం ఆ తేడా కొంత కలుపుతాం. ఇంకా కలపమంటారా?"

"కలుపు. లారీ నడిపేటోళ్లంతా మన ఆఫీసు పిల్లోళ్లు కాదు."

ఆ రోజు బాషాకు సార్ సంగతి తెలియదు. మొండి బాస్ ఇంకో పని పెట్టాడని విసుక్కుంటూ వెళ్లి ఉంటాడు. వారం తర్వాత కొత్త డ్రాయింగ్ తెచ్చాడు. లైట్ల వరస లోపలికి బాగా సాగింది.

చలపతిరావు గారి అభ్యంతరం

మా డిజైన్లను పరిశీలించి ఒప్పుకోవడానికి బయటి నుంచి ఒక పెద్ద ఇంజినీరు వచ్చేవారు. చలపతిరావు గారు. గుంటూరు వైపు మనిషి. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా, ముందు జేబులో మూడు పెన్నులు. ఇలాంటి పరిశీలకులను శత్రువుల్లా చూడటం కుర్రాళ్లకు అలవాటు. అది పొరపాటు. వాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం మనం ఇంట్లోనే అడుక్కోవాల్సినవి.

లైట్ల డ్రాయింగ్ చూసి ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇంత కరెంటు ఎవరు కడతారండీ? ఈ ఊళ్లలో వీధి దీపాలకే దిక్కులేదు. మీరు కొండలోపల పట్టపగలు దీపాలు వెలిగిస్తానంటున్నారు. మొదటి ఏడాది వెలుగుతాయి. తర్వాత బిల్లు భారమని సగం తీసేస్తారు. సగం తీసేసిన లైట్లు లేనివాటికన్నా అన్యాయమండీ. వేగం తగ్గించమని బోర్డు పెట్టండి, ఈ వరస కుదించండి."

మాట తప్పు కాదు. బాషా ముఖం ఎర్రబడింది. లెక్కల కాగితాలు తీసి ఒక్కొక్కటీ చెప్పాడు. చలపతిరావు గారు ఓపికగా విన్నారు, కానీ కదల్లేదు. "కన్ను అదే అలవాటు పడుతుందండీ, రెండు మూడు క్షణాలు. అందరం అలాంటి చోట్ల నడుపుతూనే ఉన్నాం కదా" అన్నారు.

ఓబులేసు సార్ కుర్చీలో ముందుకు వంగారు. గొంతు తగ్గింది.

"సార్, నా కన్ను అలవాటు పడదు."

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆఫీసు పెద్దలు ఇద్దరు ఆ గదిలోనే ఉన్నారు.

"నాకు కండ్లు పోతాండాయి. ఈ డ్రాయింగులో గీతలు నాకు కనపడవు. ఈ రమాదేవి చదివితే వింటా. ఈ మాట ఆఫీసుకు ఈ పొద్దే చెప్తాండా. ఆ సొరంగం నోట్లో నిలబడినప్పుడు ఎదురుగా బండి వస్తే దాని మీదికే నడిచినా. నాకు రోగం ముదిరింది కాబట్టి నేను నడపడం మానుకున్నా. నా రోగంలో సగం ఉండేటోడు, పావు ఉండేటోడు, తనకు ఉండాదని కూడా తెలియనోడు, దినామూ ఆ రోడ్డు మీద లారీ తోలుతాంటాడు. వానికి మీ బోర్డు కూడా కనపడదు సార్."

బాషా నా వైపు చూశాడు. నీకు ముందే తెలుసు కదా అన్నట్టున్న ఆ చూపుకు నేను తల దించుకున్నాను.

చలపతిరావు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను సాయంత్రమైతే కారు తీయడం మానేసి చాలా రోజులైందండీ. శుక్లాలు. ఆపరేషన్ అంటే భయపడి వాయిదా వేస్తున్నాను. మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

సార్ నవ్వారు. "ఆపరేషన్ చేయించుకోండి సార్. మీకు బాగయ్యే రోగం వచ్చింది, వదులుకోవద్దండి."

అంతటితో లైట్లు ఒప్పుకున్నారని అనుకుంటారేమో. లేదు. కరెంటు బిల్లు కరెంటు బిల్లే. చలపతిరావు గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "వెలుగు కావాలి, కరెంటు తగ్గాలి. రెండూ చేసి తీసుకురండి. సంతకం చేస్తాను" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ మాటకే. జాలిపడి సంతకం పెట్టి ఉంటే, ఏడాదికి ఆ లైట్లు ఆరిపోయేవి.

నల్ల గోడ

తర్వాతి వారమంతా సార్ గది తలుపు తెరిచే ఉంది. బాషా, నేను, రోడ్డు ఇంజినీరు, ఎవరికి ఏది తోచినా వచ్చి చెప్పడమే. దారి దొరికింది బాషాకు. ఒక పొద్దున టిఫిన్ కూడా చేయకుండా వచ్చాడు.

"సార్, లోపల వెలుగు పెంచడం గురించే ఆలోచిస్తాండాం. బయట తగ్గిస్తే?"

"ఎండను తగ్గిస్తావా నాయనా?"

"ఎండను కాదు సార్. గోడను. ముఖద్వారానికి సున్నం కొట్టి తెల్లగా పెట్టినారు కదా, దూరం నుంచి వచ్చేటోని కంట్లోకి కొట్టేది అదే. దాన్ని నల్లరాతితో కట్టి, ముందర కొంచెం దూరం రెండు పక్కలా గోడలు కూడా ముదురు రంగులో పెడితే కన్ను ముందే చీకటికి అలవాటు పడ్తాది. లోపల గోడలకు తెల్ల పలకలు వేస్తే ఉన్న వెలుగే రెట్టింపు కనపడ్తాది. అప్పుడు లైట్లు ఇన్ని అక్కర్లేదు. బయట మబ్బేసినప్పుడు వాటంతట అవే తగ్గేట్టు పెడదాం."

సార్ కళ్లు మూసుకుని విన్నారు. ఆ గోడల మధ్యగా లోపలికి నడుస్తున్నారని నాకు అర్థమైంది. చాలాసేపటికి కళ్లు తెరిచారు.

"ఇంతకాలం లోపలుండాల్సిన తెలుపును బయట పెట్టుకున్నామా మనం?" అని, బాషాను దగ్గరికి పిలిచి భుజం తట్టారు. "పో, ముందు ఏమన్నా తిను."

చలపతిరావు గారు ఆ డ్రాయింగును రెండు రోజులు దగ్గర పెట్టుకుని, నాలుగు ప్రశ్నలు వేసి, సంతకం చేశారు.

ఆఫీసు కూడా తన పని తాను చేసింది. సార్‌ను సంతకాల బాధ్యత నుంచి తప్పించింది. నెలాఖరుకు ఆయనే వెళ్లిపోతానన్నారు. అన్యాయం జరిగిందని కుర్రాళ్లు గొడవ చేయబోతే, "కండ్లు లేనోడు సంతకం పెట్టకూడదు. అది సరైన నియమం. నేను ఆఫీసు పెద్దల్లో ఉన్నింటే నేనే ఆ నియమం పెట్టేటోన్ని" అని వాళ్ల నోరు మూయించారు. నా అభిప్రాయం కూడా అదే. నియమం సరైనదే, మనసు బాధపడటమూ సరైనదే. ఈ ఉద్యోగంలో రెండూ ఒకే రోజు వస్తుంటాయి.

ఎవరితో పరీక్షించాం

ముఖద్వారానికి నల్లరాయి పేరుస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి మరీ అడిగేవాళ్లు. "పెండ్లింటి మాదిరి తెల్లగా ఉన్నిందే, ఇట్ల దయ్యాల కొంప మాదిరి చేస్తిరేమక్కా?" అని ఒకావిడ నన్నే నిలదీసింది. బస్సు కోసం నిలబడిన మనిషి ఆమె. ఎండలో ఆమె పక్కనే నిలబడి పాత సున్నపు ముక్కనూ కొత్త రాయినీ చూపించాను. సున్నం వైపు చూసి కళ్లు చికిలించింది. "అవునక్కా, కండ్లు గుంజుతాది" అని ఒప్పుకుంది. అందం గురించి మాత్రం ఒప్పుకోలేదు.

లైట్లు బిగించాక పరీక్షకు యువకులను పిలవొద్దని చెప్పాను. ముదిగుబ్బ, నల్లమాడ వైపు వేరుశనగ లోడ్లు తోలే పెద్దవయసు లారీ డ్రైవర్లను పిలిచాం. మధ్యాహ్నం ఎండలో వాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోయి రావాలి. బాషా బయట నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. మొదటి డ్రైవర్ తిరిగి వచ్చి లారీ దిగి ఏమీ మాట్లాడకుండా బీడీ ముట్టించాడు.

"ఎట్లుండాదన్నా?" అని బాషా అడిగాడు.

"ఏముండాది? ఏమీ ల్యా. రోడ్డు మాదిరే ఉండాది."

బాషాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఆ డ్రైవర్‌ను కౌగిలించుకున్నాడు. మా పని ఎవరి కంటా పడకపోతేనే అది బాగున్నట్టు. పొగడ్తలు కావాలనుకునేవాళ్లు వేరే ఉద్యోగం చూసుకోవాలి.

రోడ్డు తెరిచిన కొన్నాళ్లకు శింగనమల వెళ్లాను. సార్ అప్పటికి చేతికర్రతో నడుస్తున్నారు. వెలుగూ చీకటీ తేడా మాత్రం ఇంకా తెలిసేది. వాళ్లావిడ పెట్టిన రాగి సంగటి, పప్పు తిన్నాక, "ఒకసారి పోయొద్దాం రండి సార్" అన్నాను. కాదనలేదు. మధ్యాహ్నపు ఎండ దంచుతోంది. ఏసీ వేస్తానంటే వద్దని కిటికీ అద్దం దించుకుని కూర్చున్నారు. దారి పొడుగునా నా గేర్ల మీద మాట్లాడారు. ముదిగుబ్బ దాటాక కింది దారి గుండా పోతున్న గొర్రెల మంద గురించి చెబితే తల ఊపారు.

కొండ దగ్గరికి వచ్చాక నేను మాటలు ఆపేశాను. సొరంగం ముందుందని చెప్పలేదు. ముదురు గోడలు రెండు పక్కలా వచ్చాయి, నల్లరాయి తల మీదుగా పోయింది, తెల్ల పలకలు మొదలయ్యాయి. నా కన్ను ఎక్కడా తడబడలేదు. సార్ తల కొంచెం పక్కకు వంచారు.

"వచ్చేసినామా?"

"వచ్చేసినాం సార్. లోపలే ఉండాం."

ఆయన చెయ్యి కిటికీ మీద నుంచి బయటకు చాచి ఉంది.

"చెవికి తెలిసినాదమ్మా, చప్పుడు మారింది. కంటికి తెలియలేదు," అన్నారు. మళ్లీ తనలో తాను అనుకున్నట్టుగా, "కంటికి తెలియలేదు" అన్నారు.

అవతలి చివర ఎండలోకి వచ్చాక, "బండి పక్కన ఆపు. బాషాకు ఫోన్ కలుపు. ఈ మాట వానికి చెప్పాల" అన్నారు. కలిపి ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.